వేసవిలో ఆరుబయట స్వతంత్ర చిత్రాలు: తెర కొనే ముందు చూసుకోవలసినవి

హైదరాబాదులో వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఒక అపార్ట్‌మెంటు డాబా మీద వంద మందికి స్వతంత్ర చిత్రాలు చూపించాలని ఉందనీ, న్యూయార్క్‌లో రూఫ్‌టాప్ ఫిల్మ్స్ సంస్థ చేస్తున్న ప్రదర్శనల గురించి చదివాక ఆ ఆలోచన వచ్చిందనీ రాశారు. ఎంత తెర, ఏ ప్రొజెక్టరు కొనాలి, ఎవరి అనుమతులు తీసుకోవాలి, ఎలాంటి సినిమాలు ఎంచుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు. ఈ నగరంలో ఆరుబయటి ప్రదర్శనలకు ప్రొజెక్షన్, సౌండు ఏర్పాట్లు చాలా ఏళ్లుగా చూసుకుంటున్నవాడిగా సమాధానం రాస్తున్నాను.

మీరు తెరతో మొదలుపెట్టారు. నేనైతే చీకటితోనూ, మాటల స్పష్టతతోనూ మొదలుపెట్టమంటాను. థియేటరులో నాలుగు గోడలూ పైకప్పూ కలిసి ప్రేక్షకుడి దృష్టిని తెర మీద నిలబెడతాయి. ఆరుబయట ఆ పని నిర్వాహకులే చేయవలసి ఉంటుంది. పాటలూ పోరాటాలూ ఉన్న పెద్ద సినిమాను సగం మాటలు వినిపించకపోయినా జనం హాయిగా చూస్తారు, ఎందుకంటే ఆ కథ ఎటు పోతుందో వాళ్లకు ముందే తెలుసు. తెలిసిన ముఖాలు లేని, ఒక ఊరి యాసలో మాట్లాడే, నిశ్శబ్దాన్ని కూడా కథలో భాగంగా వాడుకునే చిన్న సినిమాకు ఆ వెసులుబాటు లేదు. మొదటి పదిహేను నిమిషాల్లో మాట వినిపించకపోతే ప్రేక్షకులు ఫోన్లలోకి వెళ్లిపోతారు, ఆ తరువాత ఎంత మంచి దృశ్యం వచ్చినా వాళ్లను వెనక్కి తీసుకురావడం కష్టం. కాబట్టి ఉన్న డబ్బును ఏ వరుసలో ఖర్చుపెట్టాలో ముందు తేల్చుకోండి.

మొదట సమయం లెక్క. మే నెలాఖరున హైదరాబాదులో సూర్యాస్తమయం సుమారు 6.45కు, ఏప్రిల్ మొదట్లో దాదాపు 6.30కు అవుతుంది. మనం భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్నాం కనుక సంధ్య వెలుగు త్వరగా పోతుంది. పొద్దు కుంకిన అరగంట, నలభై నిమిషాలకు తెర మీద బొమ్మ నిలబడుతుంది. న్యూయార్క్‌లో జూన్ చివర పొద్దు ఎనిమిదిన్నరకు గానీ కుంకదు కాబట్టి అక్కడివాళ్లు తొమ్మిదికి మొదలుపెట్టి బాగా పొద్దుపోయేదాకా చూస్తారు. మనకు ఆ ఇబ్బంది లేకపోయినా రాత్రి పది గంటల హద్దు ఒకటి ఉంది, దాని గురించి కింద రాస్తాను. మొత్తానికి మీ చేతిలో ఉండేది 7.20 నుంచి 10 దాకా ఉన్న రెండు గంటల నలభై నిమిషాలు. అందులో ఒకటి రెండు లఘుచిత్రాలు, తొంభై నుంచి నూట పది నిమిషాల ప్రధాన చిత్రం, దర్శకులతో కొద్దిసేపు సంభాషణ ఇముడుతాయి. రెండున్నర గంటల సినిమా పెట్టుకుంటే మిగతావన్నీ వదులుకోవలసిందే.

ఇక డాబా. దీని విషయంలో నా మాట మీకు నిరుత్సాహం కలిగించవచ్చు, అయినా చెప్పక తప్పదు. భవనాల మీద పడే భారాలకు మన దేశంలో పాటించే ఐఎస్ 875 ప్రమాణంలో, మనుషులు ఎక్కి తిరిగే పైకప్పుకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల భారం, అంటే సుమారు 150 కిలోలు, లెక్కలోకి తీసుకుంటారు. జనం గుమిగూడే సభాస్థలికి, కుర్చీలు బిగించి లేకపోతే, అదే ప్రమాణం 5 కిలోన్యూటన్లు తీసుకోమంటుంది. మామూలు అపార్ట్‌మెంటు డాబాను బట్టలు ఆరేసుకోవడానికీ, వేసవి రాత్రి నాలుగు మంచాలు వేసుకోవడానికీ కట్టారు తప్ప సభలకు కాదు. వంద మంది విడివిడిగా, పరచుకుని కూర్చుంటే భారం హద్దులోనే ఉండవచ్చు. కానీ సినిమా అయిపోగానే అందరూ లేచి మెట్ల దగ్గర ఒకేచోట గుంపు కడతారు. ఆ మెట్లదారి చాలా భవనాల్లో ఒక్కటే, అదీ మీటరు వెడల్పున ఉంటుంది. పిట్టగోడ ఎత్తు నడుము దాకా కూడా రాని డాబాలు పాత కాలనీల్లో చాలా ఉన్నాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి రాతపూర్వకంగా సరేనంటే, నలభై యాభై మందికి మించకుండా, రెండు మెట్లదారులు ఉన్న భవనంలో చేయండి. వంద మంది కావాలంటే మాత్రం చుట్టూ గోడ ఉన్న పాత ఇంటి పెరడు, బడి ఆవరణ, సాంస్కృతిక కేంద్రపు ముంగిలి వంటి నేల మీది చోటే నా సలహా. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న సాంస్కృతిక కేంద్రం లామకాన్‌లో రాతి ముంగిట్లో కూర్చుని డాక్యుమెంటరీలు చూసినవారు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. డాబా లేనంత మాత్రాన అక్కడ సినిమాకు లోటేమీ జరగలేదు.

చోటు చూసుకోవడానికి పగలు వెళ్లకండి. రాత్రి ఏడున్నరకు వెళ్లి, తెర పెట్టదలచిన చోట నిలబడి, అక్కడ ఎంత వెలుతురు పడుతోందో కొలవండి. వెలుతురును కొలిచే అసలైన లక్స్ మీటరు దొరకకపోతే ఫోనులోని కొలత కూడా పోలికకు పనికివస్తుంది. ఇది ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెబుతాను. పదహారు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు ఉన్న తెర వైశాల్యం సుమారు 13.4 చదరపు మీటర్లు. డబ్బా మీద 5,000 ల్యూమెన్లు (ప్రొజెక్టరు వెదజల్లే మొత్తం కాంతికి కొలత) అని రాసి ఉన్న ప్రొజెక్టరు, రంగులు సరిగా కనిపించే సినిమా మోడ్‌లో దాదాపు 3,000 ఇస్తుందనుకుంటే, తెర మీద తెల్లని భాగానికి చేరే కాంతి సుమారు 224 లక్సులు, అంటే చదరపు మీటరుకు అన్ని ల్యూమెన్లు. నల్లని భాగం మాత్రం చుట్టుపక్కల వెలుతురు కంటే నల్లగా ఎప్పటికీ కనిపించదు. వీధిదీపం నుంచి తెర మీద 20 లక్సులు పడుతుంటే తెలుపుకూ నలుపుకూ మధ్య నిష్పత్తి పన్నెండుకు ఒకటి మాత్రమే. రాత్రి దృశ్యాలన్నీ బూడిదరంగులో కలిసిపోతాయి. ఆ వెలుతురును 5 లక్సులకు తగ్గిస్తే అదే ప్రొజెక్టరుతో నిష్పత్తి నలభై అయిదు దాటుతుంది. వెలుతురును తగ్గించకుండా ఇదే ఫలితం రావాలంటే నాలుగు రెట్ల శక్తి ఉన్న ప్రొజెక్టరు కావాలి, దాని అద్దెతో మీరు వేసవి మొత్తం ప్రదర్శనలు చేయవచ్చు. కాబట్టి వీధిదీపానికి అడ్డంగా నల్లని మందపాటి గుడ్డ కట్టడం, ఎదురింటివారిని బాల్కనీ దీపం రెండు గంటలు ఆర్పమని మర్యాదగా అడగడం, తెర వెనక నల్లగుడ్డ వేయడం అన్నిటికంటే లాభసాటి పనులు. పున్నమి అని తేదీలు మార్చుకోనక్కరలేదు, నిండు వెన్నెల వెలుగు సుమారు పావు లక్సు మాత్రమే. వీలైతే తెరను స్థలానికి పడమటి అంచున, ముఖం తూర్పుకు ఉండేలా నిలబెట్టండి, సంధ్యాకాంతి దాని ముఖాన పడదు.

పదహారు అడుగుల తెర వంద మందికి చాలు. చవకగా దొరికే ప్రొజెక్టర్లలో చాలావాటిని తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరంలో పెట్టాలి, అంటే ఇరవై నాలుగు అడుగులు. అది సరిగ్గా ప్రేక్షకుల మధ్యకు వస్తుంది కనుక బల్ల ఎత్తూ, వైర్లు పోయే దారీ ముందే నిర్ణయించుకోండి. తెర కింది అంచు నేల నుంచి నాలుగు అడుగుల పైన ఉండాలి, లేకపోతే ముందు వరుసలవారి తలలు సబ్‌టైటిల్స్‌ను కప్పేస్తాయి. ముందు జంపఖానాలు పరచి కొందరిని కింద కూర్చోబెట్టి, వెనక కుర్చీలు వేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది, పిల్లలకూ హాయి.

సౌండు విషయంలో కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఆరుబయటి ప్రదర్శనలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. బయలులో శబ్దాన్ని తిప్పి పంపే గోడలు ఉండవు, కనుక స్పీకరు నుంచి దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తెర పక్కన రెండు పెద్ద స్పీకర్లు పెట్టి గట్టిగా పెడితే ముందువారికి చెవులు గింగిర్లెత్తుతాయి, వెనకవారికి మాట అందదు, పక్కింటివారికి మాత్రం కోపం వస్తుంది. దానికి బదులు తెర దగ్గర రెండు మధ్యరకం స్పీకర్లు, ప్రేక్షకుల మధ్యభాగానికి ఇరువైపులా మరో రెండు చిన్నవి, తల కంటే కొంచెం ఎత్తులో, లోపలికి తిప్పి పెట్టండి. వేసవి రాత్రి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. వెనక స్పీకర్లు తెరకు పదిహేను మీటర్ల దూరంలో ఉంటే వాటికి 43 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాలి, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపించి అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు అద్దెకు దొరికే డిజిటల్ మిక్సర్లలో చాలావాటికి ఈ సదుపాయం ఉంది, సౌండు అబ్బాయిని ప్రత్యేకంగా అడగండి, అడగకపోతే పెట్టరు. బేస్, అంటే కింది స్థాయి గంభీర శబ్దం, తగ్గించండి, దూరానికి పోయి ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టేది అదే, మాట అర్థం కావడానికి దాని అవసరం తక్కువ.

ఇంకొక సంగతి. చిన్న నిర్మాతలు ఇచ్చే ఫైళ్లలో ఒక్కోసారి 5.1 సౌండు (ఆరు వేర్వేరు చానెళ్లుగా విడదీసిన శబ్దం) మాత్రమే ఉంటుంది. అందులో సంభాషణలు దాదాపు అన్నీ మధ్య చానెల్‌లో ఉంటాయి. మీరు ఎడమ, కుడి చానెళ్లు మాత్రమే తీసుకుంటే సంగీతం, చప్పుళ్లు వినిపిస్తాయి, మనుషుల మాటలు మాయమవుతాయి. అందుకే స్టీరియో మిక్స్, అంటే అంతా రెండు చానెళ్లలో కలిపిన సౌండు, ఉన్న ఫైలు కావాలని ఉత్తరంలోనే అడగండి. థియేటర్ల కోసం చేసే డీసీపీ (థియేటరు పరికరాల్లో నడిచే డిజిటల్ ఫైళ్ల మూట) మీకు పనికిరాదు, మంచి నాణ్యత ఉన్న ఫుల్ హెచ్‌డీ ఫైలు చాలు. తెలుగు సబ్‌టైటిల్స్ విడి ఫైలుగా వస్తే కొన్ని ప్లేయర్లలో వత్తులు విడిపోయి చదవలేనట్టు కనిపిస్తాయి, కాబట్టి బొమ్మలోనే కలిపిన ప్రతిని కోరండి. యాసలో నడిచే తెలుగు సినిమాకు కూడా సబ్‌టైటిల్స్ ఉంటే మంచిదని నా అభిప్రాయం. శ్రీకాకుళం మాట హైదరాబాదు వీధి రొదలో పూర్తిగా అందాలంటే కంటి సాయం కూడా కావాలి.

వాతావరణం గురించి వేసవి అనగానే వాన లేదని అనుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములతో వచ్చే గాలివానలు తెలంగాణలో మామూలే. గంటకు 50 కిలోమీటర్ల గాలి పదహారు అడుగుల తెరను సుమారు 160 కిలోల బరువుతో నెడుతుంది. ఇనుప చట్రానికి రెండు వైపులా తాళ్లు లాగి, కాళ్లకు నీళ్లు నింపిన డ్రమ్ములో ఇసుక బస్తాలో కట్టని తెర మనుషుల మీద పడుతుంది. నున్నటి గోడ ఒకటి ఉండి, దానికి మెరుపు లేని తెల్ల సున్నం వేయగలిగితే అంతకు మించిన తెర లేదు. వాతావరణ శాఖ ప్రతి మూడు గంటలకు ఇచ్చే సూచన, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ రెండూ చూస్తూ, ఏ సంకేతం కనిపిస్తే ప్రదర్శన ఆపేయాలో, ఆ నిర్ణయం ఎవరిదో ముందే రాసి పెట్టుకోండి. అప్పటికప్పుడు చర్చిస్తే ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. ఈదురుగాలికి కరెంటు పోవడం కూడా సహజం. ల్యాంపు ఉన్న ప్రొజెక్టరుకు ఫ్యాను చల్లబరచకముందే కరెంటు పోతే ల్యాంపు దెబ్బతింటుంది, అందుకే యూపీఎస్ తప్పనిసరి. చాలా ప్రొజెక్టర్లు 40 డిగ్రీలకు మించిన వేడిలో పనిచేయవు, మధ్యాహ్నమంతా ఎండలో పెట్టకండి. సాయంత్రం అయిదు లోపు నేల మీద నీళ్లు చల్లితే వేడి తగ్గుతుంది. వైర్లు పరిచాక మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. తొలి వానలు పడ్డాక ఉసిళ్లు వస్తాయి, అవి ప్రొజెక్టరు కాంతిలోకి దూసుకొస్తే తెరంతా నీడలే. దూరంగా, తెరకు వెలుతురు తగలని మూల ఒక దీపం వెలిగించి ఉంచితే చాలావరకు అటు పోతాయి.

అనుమతుల విషయంలో మూడు వేర్వేరు సంగతులను కలిపేసుకోవద్దు. మొదటిది శబ్దం. 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట వాడకూడదు. ఆసుపత్రి, విద్యాసంస్థ, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం కావచ్చు, బడి ఆవరణ ఎంచుకునేటప్పుడు ఇది అడిగి తెలుసుకోండి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ప్రైవేటు స్థలంలో మోగే సౌండు ఆ స్థలపు హద్దు దగ్గర దానికి 5 డెసిబెల్స్ కంటే మించకూడదు. అంటే 60, మామూలుగా ఇద్దరు మాట్లాడుకునేంత. పైన చెప్పిన చిన్న స్పీకర్ల పద్ధతి ఈ హద్దును పాటించడానికి కూడా సరైన దారి. మీ స్టేషన్ పరిధి పోలీసులకు తేదీలన్నీ కలిపి ఒకే దరఖాస్తు ఇవ్వండి.

రెండవది సినిమా సర్టిఫికెట్. సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952 ప్రకారం బహిరంగంగా చూపించే ఏ చిత్రానికైనా, టికెట్టు లేకపోయినా, సెన్సార్ సర్టిఫికెట్ అవసరం. స్వతంత్ర లఘుచిత్రాల్లో చాలావాటికి అది ఉండదు. చిత్రోత్సవంగా నిర్వహిస్తే కేంద్ర సమాచార ప్రసార శాఖను మినహాయింపు కోరవచ్చు, దానికి చిత్రాల జాబితాతో చాలా ముందుగా దరఖాస్తు చేయాలి. సభ్యులకు మాత్రమే చూపించే ఫిల్మ్ సొసైటీల దారి మరొకటి. 1959లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాలో సభ్యత్వం ఉన్న సంఘాలు మన నగరంలో ఉన్నాయి. వారితో కలిసి మొదటి ఏడాది నడిపితే కాగితాల పని నేర్చుకున్నట్టూ అవుతుంది, సినిమా తెలిసిన ప్రేక్షకులూ దొరుకుతారు. స్థలం విషయంలో 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కూడా ఉంది; ఒకప్పటి డేరా హాళ్లు లైసెన్సు తెచ్చుకున్నది ఈ చట్టం కింది నియమాలతోనే. టికెట్టు పెట్టి తరచుగా ప్రదర్శించే ఆలోచన ఉంటే ఇది మీకు వర్తిస్తుందో లేదో న్యాయవాదిని అడిగి మొదలుపెట్టండి.

మూడవది హక్కులు. మీ సొంత ఓటీటీ ఖాతా నుంచి వంద మందికి సినిమా చూపించే హక్కు మీకు లేదు, ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే. నిర్మాత నుంచి తేదీ, స్థలం, ఎన్నిసార్లు అన్నది రాసిన ఉత్తరం తీసుకోండి, ప్రదర్శన కాగానే ఫైలు చెరిపేస్తామని మీరూ రాసివ్వండి. సినిమాకు ముందు పాటలు వేస్తే వాటికి వేరే లైసెన్సులు కావాలి. అంతకంటే తన పాటలు తానే పాడే ఒక గాయనినో గాయకుడినో పిలవడం మేలు, సంధ్య వెలుగు పోయేదాకా ఉండే ఆ అరగంట నిండుతుంది. రూఫ్‌టాప్ ఫిల్మ్స్ ప్రదర్శనల్లో సినిమాకు ముందు ప్రత్యక్ష సంగీతం ఉండటం ఎంతోకాలంగా ఆనవాయితీ.

ఆ సంస్థ గురించి మీరు రాసినదానిలో డాబా ఒక్కటే ఎక్కువగా కనిపించింది. మార్క్ ఎలైజా రోజెన్‌బర్గ్ 1997లో మాన్‌హాటన్‌లోని ఈస్ట్ విలేజ్‌లో, పద్నాలుగో వీధిలోని ఒక భవనం పైన దాన్ని మొదలుపెట్టిన మాట నిజమే. అయితే తరువాత వాళ్లు పార్కుల్లోనూ, బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలోనూ చూపించారు. వాళ్లను ఇన్నేళ్లు నిలబెట్టినది కొత్త దర్శకుల నుంచి చిత్రాలను ఆహ్వానించి, శ్రద్ధగా చూసి, ఎంపిక చేయడమూ, తమ దగ్గర ప్రదర్శించిన దర్శకుల తరువాతి సినిమాలకు ఒక నిధి నుంచి సాయం చేయడమూ అని నేను గట్టిగా నమ్ముతాను. మీరు నిధి పెట్టలేకపోవచ్చు. ప్రతి చిత్రానికీ ఎంతో కొంత రుసుము ముందే చెప్పి, ప్రదర్శన జరిగిన వారంలోపు చెల్లించడం మాత్రం మీ చేతిలో పనే. మన దగ్గర చిన్న సినిమావారిని ‘మీకు ప్రచారం వస్తుంది కదా’ అని ఉచితంగా అడగడం అలవాటైపోయింది. ప్రొజెక్టరు అద్దెకిచ్చేవారిని ఆ మాట అనం, జంపఖానాలు ఇచ్చేవారిని అనం. సినిమా తీసినవారినే అంటాం. అది మానండి.

ఎంపికలో ఒక్క నియమం పాటించండి: ప్రతి చిత్రాన్నీ ముందు హెడ్‌ఫోన్లు లేకుండా, ఫ్యాను తిరుగుతున్న గదిలో, కిటికీ తెరిచి చూడండి. అప్పుడు కూడా పట్టి కూర్చోబెట్టిన సినిమా ఆరుబయట నిలబడుతుంది. ఎక్కువ భాగం చీకట్లో తీసినవి, గుసగుసలతో నడిచేవి ఎంత గొప్పవైనా వాటిని మూసిన హాలుకు వదిలేయడం ఆ దర్శకుడి మీద గౌరవమే. మొదటి లఘుచిత్రం పగటి వెలుగులో తీసినదై ఉండాలి, అప్పటికి ఆకాశం పూర్తిగా నల్లబడి ఉండదు.

చివరగా, మొదటి ప్రదర్శనకు వారం ముందు అదే చోట, అదే గంటకు, అదే పరికరాలతో ప్రధాన చిత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా నడపండి. ఒకరు చివరి వరుసలో కూర్చుని మాటలు వినాలి, ఒకరు హద్దు గోడ అవతల నిలబడి శబ్దం కొలవాలి, ఒకరు మెట్లదారి లేదా గేటు దగ్గర ఉండి చీకట్లో వృద్ధులు ఎలా బయటికి వెళ్తారో చూడాలి. ఫిబ్రవరి నెలాఖరు రాత్రులు పొడిగా, తేలికగా ఉంటాయి కాబట్టి ఈ పరీక్షకూ, పాతిక మంది మిత్రులతో ఒక చిన్న ప్రదర్శనకూ అది మంచి సమయం. వానాకాలం దగ్గరపడుతుంది కనుక మే చివరి వారం దాటాక కొత్త తేదీలు ప్రకటించకండి.